ఊరెళ్తున్నారా? పిల్లిని ఇంట్లో ఇలా వదిలి వెళ్ళండి

పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు అని సామెత. నిజమే, పిల్లిని వెంటేసుకుని ఊళ్ళు తిరగడం తెలివైన పని కాదు. అయితే ఇంట్లో వదిలేసిన పిల్లికి తిండి ఎవరు పెట్టాలో మాత్రం సామెత చెప్పలేదు. ముహూర్తాలు మొదలైతే చాలు, నాకు ఫోన్ల మీద ఫోన్లు. "నాలుగు రోజులు హైదరాబాదు వెళ్తున్నామండి, పిల్లినేం చెయ్యాలి?" "తిరుపతి వెళ్ళొస్తాం, గిన్నె నిండా పోసి వెళ్తే సరిపోద్దాండి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఒకేచోట రాసేస్తున్నాను. మాది పాలకొల్లు దగ్గర కాలవగట్టు ఊరు. ఇంట్లో రెండు పిల్లులు, రాణి, కాటుక. కాబట్టి ఇందులో మన చీమలు, మన ఉక్కపోత, మన ఉప్పునీళ్ళు, మన గోదారి వరద అన్నీ ఉంటాయి.

ముందు మా ఇంట్లో జరిగింది ఒకటి చెప్పాలి. మూడేళ్ళ కిందట ఒక పెళ్ళికని అయిదు రోజులు వెళ్ళాం. పక్కింటి పిన్నిగారికి తాళంచెవి ఇచ్చి, తిండి డబ్బా చూపించి బయల్దేరాం. అప్పటికి మాకు రాణి ఒక్కతే. రోజూ సాయంత్రం ఫోన్ చేస్తే ఒకటే మాట: "శుభ్రంగా తినేస్తోందమ్మా, గిన్నె నాకి పెట్టినట్టుంటోంది." పిన్నిగారు అబద్ధమాడలేదు. గిన్నె రోజూ ఖాళీగానే ఉంది. మేం వచ్చి చూస్తే రాణి మంచం కింద ముడుచుకుని ఉంది. వీపు మీద చెయ్యి వేస్తే వెన్నుపూసలు ఒక్కొక్కటీ చేతికి తగులుతున్నాయి. వెళ్ళేముందు నాలుగు కిలోల వంద గ్రాములు, వచ్చాక తూస్తే మూడు కిలోల ఏడొందలు. మర్నాడు తెల్లారగట్ల వంటింటి కిటికీ చువ్వల్లోంచి వీధిలో గండుపిల్లి దర్జాగా లోపలికి దూకింది. తిన్నగా గిన్నె దగ్గరికి వెళ్ళి, ఈరోజు ఇంకా పెట్టలేదేమిటన్నట్టు నావైపు చూసింది. అయిదు రోజుల తిండి ఎవరి పొట్టలోకి వెళ్ళిందో అప్పుడు తెలిసింది.

గిన్నె ఖాళీ అయిందంటే ఎవరో తిన్నారనే అర్థం. మీ పిల్లే తిందని కాదు. తిందో లేదో నికరంగా చెప్పేది ఇసుక ట్రే. కింద రాసిన సగం జాగ్రత్తలు ఈ ఒక్క సంగతి కోసమే.

ఎన్ని రోజులకి ఏ ఏర్పాటు

ఒక్క రాత్రయితే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లిని తిండి, నీళ్ళు పెట్టి వదిలి వెళ్ళొచ్చు. ఒక రాత్రి దాటితే రోజుకి ఒకసారైనా మనిషి వచ్చి చూడాలి. మూడు, నాలుగు రోజులు దాటితే పొద్దున, సాయంత్రం రెండుసార్లు రావాలి. రెండు వారాలు, మూడు వారాలంటే ఇంట్లో ఎవరైనా పడుకునే ఏర్పాటు చెయ్యండి, లేదా పిల్లినే ఒకరింటికి పంపండి.

ఆరు నెలలు నిండని కూనలు, కడుపుతో ఉన్నవి, ఈనినవి, మందులు వాడుతున్నవి, బాగా ముసలివి అయితే ఒక్క రాత్రి కూడా ఒంటరిగా వద్దు.

కావలసినవి

- పిల్లి రోజూ తినే తిండే, వెళ్ళే రోజులకి సరిపడా, ఇంకో మూడు రోజులకి అదనంగా
- రోజుకొకటి చొప్పున చిన్న జిప్ కవర్లు, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా
- అడుగు బరువైన నీళ్ళ గిన్నెలు మూడు
- తిండిగిన్నె కంటే బాగా వెడల్పున్న పళ్ళెం ఒకటి
- ఇసుక ట్రేలు రెండు, తీసి పారెయ్యడానికి చిల్లుల గరిటె
- పిల్లిని మోసే బుట్ట. ప్లాస్టిక్‌దైనా సరే, మూత కట్టుకునే వెదురు బుట్టైనా సరే
- ఒక తెల్లకాగితం
- తాళంచెవులు రెండు జతలు

తాళంచెవి రెండో జత దేనికంటారా? మొదటిది ఉన్నవాళ్ళకి ఆరోజే జ్వరం వస్తుంది కాబట్టి.

1. మనిషిని కుదుర్చుకోండి

అసలు పని ఇదే. "ఆయ్, మేం చూసుకుంటాంగదండీ" అన్న ప్రతివాళ్ళూ చూసుకోరు. ఇల్లు దగ్గర్లో ఉండాలి, పిల్లంటే భయం ఉండకూడదు, ట్రేలోది తీసి పారెయ్యడానికి మొహం చిట్లించకూడదు. ఈ మూడూ ఉంటే చాలు, పిల్లుల మీద ప్రేమ లేకపోయినా పర్వాలేదు. మా పిన్నిగారికి ఈరోజుకీ పిల్లులంటే పెద్ద ఇష్టం లేదు. కానీ గోడ మీద గడియారం తప్పుతుందేమోగానీ ఆవిడ తప్పరు. మా వీధి చివర పెద్దాయనొకరు ఉన్నారు, చాలా మంచాయన. కాటుక ఎదురొస్తే వెనక్కెళ్ళి మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు. ఆయనకి ఈ పని అప్పజెప్పలేం కదా.

పిల్లల్ని ఒక్కళ్ళనే పంపకండి. తలుపు తీసి పట్టుకుని నిలబడతారు, పిల్లి కాళ్ళ సందులోంచి వెళ్ళిపోతుంది.

ఇంకో మనిషిని కూడా అనుకుని ఉంచండి. రోజూ రానక్కర్లేదు, మొదటివాళ్ళకి కుదరని రోజు వస్తే చాలు. ఇద్దరికీ ఒకరి నంబరు ఒకరికి ఇవ్వండి.

2. పది రోజుల ముందు రిహార్సల్ చెయ్యండి

ప్రయాణం రోజున తాళంచెవి చేతిలో పెట్టి "ఇదిగో డబ్బా, అదిగో పిల్లి" అని ఆటో ఎక్కేవాళ్ళే ఎక్కువ. అలా చేస్తే కొత్త మనిషి అడుగుపెట్టగానే పిల్లి అటక ఎక్కుతుంది, మీరు తిరిగొచ్చేదాకా దిగదు.

వెళ్ళడానికి పది రోజుల ముందు ఆ మనిషిని కనీసం రెండుసార్లు పిలవండి. ఆవిడ చేత్తోనే తిండి పెట్టించండి. మీరు పక్కగదిలో కూర్చోండి, మాట్లాడకండి. రెండోసారి మీరు ఇంట్లోనే ఉండకండి, అలా సెంటరు దాకా వెళ్ళి రండి. తిరిగొచ్చి ఆవిడ తలుపులు సరిగ్గా వేశారా, ట్రే చూశారా అన్నది గమనించండి.

తిండి పెట్టే ముందు రోజూ ఒకే చప్పుడు చెయ్యండి. మేం తిండి డబ్బాని మూడుసార్లు గలగలలాడిస్తాం. మీరు గిన్నె మీద స్పూనుతో కొట్టినా సరే. మనిషి కొత్తైనా చప్పుడు పాతదైతే పిల్లి వస్తుంది. పెరట్లో, వీధిలో తిరిగే పిల్లులకైతే ఇది తప్పనిసరి.

3. తిండిని రోజులవారీగా కట్టండి

ముందు పిల్లిని తూయండి. మీరు ఒక్కరే బరువు చూసే మిషన్ ఎక్కి చూసుకోండి, తర్వాత పిల్లిని ఎత్తుకుని చూడండి, తేడా పిల్లి బరువు. ఆ మిషన్లలో వంద, రెండొందల గ్రాముల తేడా మామూలే, కాబట్టి కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద బుట్టతో సహా తూస్తే ఇంకా నయం. బరువు కాగితం మీద రాసుకోండి, తిరిగొచ్చాక కావాలి.

నాలుగు కిలోల పెద్ద పిల్లికి పొడి గింజల తిండి రోజుకి సుమారు 50 నుంచి 60 గ్రాములు సరిపోతుంది. మీ ప్యాకెట్ వెనక ఉన్న లెక్క కూడా చూసుకోండి, ఒక్కో రకానికి కొంచెం తేడా ఉంటుంది. రోజుకెంతో తూచి ఒక్కో జిప్ కవర్లో పోసి, మీద తారీఖు రాయండి. పొద్దున సగం, సాయంత్రం సగం. ఖాళీ కవర్లు పారెయ్యొద్దని, డబ్బాలోనే వెయ్యమని చెప్పండి. ఏ రోజైనా పెట్టారో లేదో అన్న అనుమానం ఉండదు. ఒకే ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరూ చూసుకుంటుంటే ఒకరికి తెలియకుండా ఒకరు రెండుసార్లు పెట్టే గొడవా ఉండదు.

పెద్ద డబ్బా నిండుగా ఇచ్చి "మీకు తోచినంత పెట్టండి" అనకండి. తోచినంత అంటే మనవైపు గిన్నె నిండా అని అర్థం. మన ఉక్కకి ఆ గింజలు సాయంత్రానికే మెత్తబడతాయి, వర్షాకాలంలో బూజు పడతాయి.

ఇంటి తిండి తినే పిల్లయితే ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసమో, ముళ్ళు తీసిన చేప ముక్కో ఇమ్మనండి. బొచ్చె, శీలావతి ఏదైనా సరే. "చేపల పులుసులో అన్నం కలిపి పెట్టాం, లొట్టలేసుకుని తింది" అంటారు. తింటుంది. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని దెబ్బతీస్తాయి, అందుకే వద్దు. పచ్చిచేప రోజూ పెట్టకూడదు, చాలా రకాల్లో బి1 విటమిన్‌ని పాడుచేసే పదార్థం ఉంటుంది. ఉడికిస్తే అది పోతుంది. ఎండుచేపలు, ఎండుమెత్తళ్ళలో ఉప్పు మరీ ఎక్కువ. పెరుగన్నం ఒక ముద్ద పెడితే తప్పులేదు, కానీ అన్నంతోనే రోజులు గడిపెయ్యలేం. పిల్లికి మాంసమే తిండి. పాలు చాలా పెద్ద పిల్లులకి పడవు, విరేచనాలవుతాయి. మీరు లేనప్పుడు ఆ సంత పిన్నిగారి నెత్తిన ఎందుకు?

మాంసం ముద్దలు కట్టి ఫ్రీజర్లో పెట్టి వెళ్ళే పనైతే, కరెంటు పోయి చాలాసేపు రాకపోతే పారెయ్యమని ముందే చెప్పండి. తడి తిండి ఏదైనా గంటలో తినకపోతే తీసెయ్యాలి. మన వేసవికి అంతకంటే ఆగదు.

హెచ్చరిక: ప్రయాణం పేరు చెప్పి కొత్త తిండి కొనకండి. ఇంటి తిండి నుంచి గింజలకి మార్చాలంటే కొంచెం కొంచెం కలుపుతూ వారం, పది రోజులు పడుతుంది. నచ్చకపోతే పిల్లి పస్తు పడుకుంటుంది. మనలా లంఖణం పరమౌషధం అనుకోవడానికి లేదు. పిల్లి, ముఖ్యంగా లావుపాటి పిల్లి, రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది.

4. చీమలు, గండుపిల్లి

డెల్టాలో తిండిగిన్నె నేల మీద పెడితే అరగంటలో చీమల బారు. గింజల మీద ఎర్రచీమలుంటే పిల్లి మూతి పెట్టదు. పెట్టిన పిన్నిగారు వెళ్ళిపోయారు, పిల్లి ఆకలితో చుట్టూ తిరుగుతోంది. ఎవరికీ తెలియదు.

దీనికి మన అమ్మమ్మలు తిండి అల్మరా కాళ్ళ కింద చేసిన పనే చెయ్యాలి. వెడల్పాటి పళ్ళెంలో వేలు మందాన నీళ్ళు పోసి, మధ్యలో చిన్న గిన్నె బోర్లించి, దాని మీద తిండిగిన్నె పెట్టండి. నీళ్ళ అంచుకీ గిన్నెకీ మధ్య కనీసం నాలుగు వేళ్ళ ఎడం ఉండాలి. పళ్ళెం గోడకి ఆనకూడదు, ఆనితే చీమలు గోడ మీదినుంచి దిగుతాయి. నీళ్ళ మీద దుమ్ము, పిల్లి బొచ్చు తేలితే చీమలు దాని మీద నడిచి దాటేస్తాయి. నేను కూర్చుని చూశాను, నాలుగు వెంట్రుకలు వాటికి వంతెన. అందుకే నీళ్ళు రోజూ మార్చాలి. రెండు చుక్కల గిన్నెలు తోమే సబ్బు వేస్తే చీమ తేలలేదు అంటారు గానీ, పిల్లి ఆ నీళ్ళు కూడా తాగుతుంది. వద్దు.

గిన్నె చుట్టూ చీమల చాక్‌పీసు గీత, చీమల పొడి, ఫినాయిల్ అసలొద్దు. పిల్లి వాటి మీద నడిచి పాదాలు నాక్కుంటుంది.

గండుపిల్లి సంగతికొస్తే, తిండి వరండాలో పెట్టకండి. లోపలి గదిలో పెట్టి, మీ పిల్లి తినేదాకా పదిహేను నిమిషాలు కూర్చోమనండి. ఆ పదిహేను నిమిషాల్లో ఆవిడ ఫోన్లో సీరియల్ చూసుకున్నా నాకేం అభ్యంతరం లేదు. కిటికీలకి దోమల మెష్ వేయించేస్తే ఇంకా మంచిది. రాణి దెబ్బకి మేం వేయించాం.

గింజలు టైముకి పోసే మిషన్లు కొంటామంటారు కొందరు. కొనుక్కోండి, కానీ మనిషికి బదులుగా కాదు. మా దగ్గర ఉన్నదాంట్లో శ్రావణమాసం ముసురుకి గింజలు ముద్దకట్టి గొట్టం మూసుకుపోయింది. పైగా మిషను ట్రే చూడలేదు.

5. నీళ్ళు

నాలుగు కిలోల పిల్లికి రోజుకి సుమారు 200 మిల్లీలీటర్ల నీళ్ళు కావాలి, తిండిలో ఉన్నవి కలుపుకుని. పొడి గింజల్లో నీళ్ళు పదో వంతు కూడా ఉండవు, కాబట్టి దాదాపు అంతా తాగే తీరాలి. మూడు చోట్ల మూడు గిన్నెలు పెట్టండి, ఒకటి తన్నేసినా రెండుంటాయి. మట్టి మూకుడైతే వేసవిలో చల్లగా ఉంటుంది. తిండిగిన్నెకి, ట్రేకి దూరంగా ఉంచండి.

సముద్రం వైపు ఊళ్ళలో, అంతర్వేది, సఖినేటిపల్లి, నరసాపురం ఆ చుట్టుపక్కల, బోరునీళ్ళు చాలాచోట్ల ఉప్పన. మీరు తాగే టిన్ను నీళ్ళే పిల్లికీ పొయ్యమని, ఒక టిన్ను నింపి పెట్టి వెళ్ళండి. చెప్పకపోతే కుళాయి తిప్పి పోసేస్తారు, వాళ్ళ తప్పు కాదు.

6. ఇసుక ట్రే

ఒక పిల్లికి రెండు ట్రేలు, రెండు పిల్లులకి మూడు. గోదారి ఇసుకైతే జల్లించి ఎండబెట్టి ఒక బస్తా అదనంగా ఉంచండి. వర్షాకాలంలో తడి ఇసుకలోకి పిల్లి వెళ్ళదు, మీ పరుపు మీదికి వెళ్తుంది. కోనసీమ వైపు కొబ్బరిపొట్టు దండిగా దొరుకుతుంది, అదీ పనికొస్తుంది, వాసన బాగా పీలుస్తుంది. అయితే ఇసుక అలవాటైన పిల్లికి వెళ్ళే రోజున పొట్టు పోసి వెళ్ళకండి.

చూసుకునేవాళ్ళకి చెప్పాల్సిన అసలు మాట ఇది: రోజూ తీసేటప్పుడు లెక్క చూడమనండి. మామూలుగా మూత్రం ముద్దలు రెండు మూడు, మలం ఒకసారి. మీ పిల్లికి రోజుకెన్నో వారం ముందు మీరే లెక్కపెట్టి రాసి ఇవ్వండి. ఒకటికంటే ఎక్కువ పిల్లులుంటే మొత్తం లెక్క ఇవ్వండి. గిన్నె ఖాళీగా ఉండి, ట్రే కూడా ఖాళీగా ఉంటే మీ తిండి గండుపిల్లి తింటోందన్నమాట.

మగపిల్లి ట్రేలోకి పదేపదే వెళ్ళి ముక్కుతూ, మూత్రం రాక అరుస్తుంటే రేపు చూద్దాం అనకూడదు. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. మలబద్ధకం అనుకుని ఆముదం పట్టించినవాళ్ళు నాకు తెలుసు.

7. తాళం వేసే ముందు ఇల్లంతా ఒక చుట్టు

ఎలుకల మందు. ఇది మొదట. మన ఇంట్లో లేకపోయినా పక్కింటి ధాన్యం కొట్టులో, వెనక చేలో పెట్టారేమో అడగండి. మందు తిన్న ఎలుకని తిన్నా పిల్లికి ప్రమాదమే. బయట తిరిగే పిల్లయితే ఆ నాలుగు రోజులు పెట్టొద్దని బతిమాలుకోవడం తప్ప దారి లేదు.

కడియం నర్సరీల నుంచి తెచ్చిన కుండీలు ఒకసారి చూడండి. సైకస్, లిల్లీ ఉంటే పిల్లికి అందకుండా బయట పెట్టండి, రెండూ విషమే. ఒంటరిగా ఉన్న పిల్లి ఏమీ తోచక ఆకులు కొరుకుతుంది. కలరా ఉండలు, కుట్టు దారాలు, రబ్బరు బ్యాండ్లు, పూలదండ దారం అన్నీ ఎత్తెయ్యండి. నీళ్ళ డ్రమ్ములకి, నూతికి మూతలు. వాషింగ్ మిషన్ తలుపు వెయ్యండి. బాత్రూం తలుపు గాలికి మూసుకోకుండా చెక్కముక్క అడ్డం పెట్టండి, ట్రే అటువైపుంటే మరీను.

చివరగా, పిల్లిని కళ్ళతో చూసి తాళం వెయ్యండి. "ఎక్కడో ఉంటుందిలే" వద్దు. సామాను తీసే హడావిడిలో బీరువాలోకో, కొట్టుగదిలోకో దూరి ఉంటుంది. కాటుక ఒకసారి దుప్పట్ల పెట్టెలో దొరికింది, ఆటో హారన్ కొడుతుంటే.

8. కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించండి

ఫోన్లో మెసేజ్ పెట్టానుగా అనకండి, పెద్దవాళ్ళు వెతుక్కోలేరు. పెద్ద అక్షరాలతో ఇలా:

పొద్దున 7కి సగం కవరు, సాయంత్రం 6కి సగం.
పళ్ళెంలో నీళ్ళు, తాగే నీళ్ళు రోజూ కొత్తవి. టిన్ను నీళ్ళే.
ట్రేలో ముద్దలు లెక్కపెట్టి నాకు చెప్పాలి. రోజుకి 3 + 1.
పిల్లిని కళ్ళతో చూడకుండా తలుపు వెయ్యొద్దు.
ఒక రోజంతా తినకపోతే ఫోన్ చెయ్యాలి, ఎంత రాత్రైనా.
మనుషుల మాత్రలేవీ వెయ్యొద్దు. పారాసిటమాల్ అసలే వద్దు.

ఆ చివరి లైను కింద రెండు గీతలు గియ్యండి. ఒళ్ళు వెచ్చగా ఉందని మంచి మనసుతో ముక్క మాత్ర వేస్తారు. ఒక్క మాత్రే పిల్లి ప్రాణం తీస్తుంది.

కిందనే పశువుల డాక్టరు నంబరు, తెలిసిన ఆటో అతని నంబరు. మండలంలో పశువైద్యశాల ఉంటుంది, కానీ గేదెలు, కోళ్ళే వాళ్ళ పని ఎక్కువ. పిల్లిని చూసే డాక్టరు ఎక్కడున్నారో, భీమవరమో, అమలాపురమో, రాజమండ్రో, వెళ్ళకముందే కనుక్కోండి. పిల్లి బుట్ట మంచం మీద కనబడేలా ఉంచండి, టీకాల పుస్తకం అందులోనే. రెండు వేలు డబ్బాలో పెట్టి, "ఖర్చు గురించి నన్ను అడగొద్దు పిన్నీ, ముందు తీసుకెళ్ళిపోండి" అని నోటితో చెప్పండి. పరాయి డబ్బు కదా అని మొహమాటపడి ఒక రోజు ఆలస్యం చేస్తారు.

9. వెళ్ళాక

"తిందా?" అని అడగకండి. "తింది" అనే అంటారు. "ట్రేలో ఎన్ని ముద్దలు?" అని అడగండి. తినేటప్పుడు ఒక ఫోటో తియ్యమనండి, ఖాళీ గిన్నె ఫోటో కాదు. మొదటి రోజు తినకపోతే కంగారొద్దు, చాలా పిల్లులు అలుగుతాయి. రెండోరోజు సాయంత్రానికీ ముట్టకపోతే, గోరువెచ్చని నీళ్ళు చల్లి వాసన వచ్చేలా పెట్టమనండి. అప్పటికీ తినకపోతే డాక్టరు.

బయట తిరిగే పిల్లయితే

సగం మీది, సగం వీధిది అయిన పిల్లిని మీరు లేరని గదిలో బంధించకండి, కాలుగాలినట్టు తిరిగి తలుపులు గీకేస్తుంది. తిండివేళకి చప్పుడు చేసి పిలిచి, తిన్నాక పంపెయ్యాలి. ఒక పూట రాకపోతే సరే, రెండు రోజులు కనబడకపోతే వెతకమని చెప్పండి. దీపావళికి మాత్రం చీకటి పడకముందే లోపల వేసి, పొద్దున వదలమనండి. గండుపిల్లికి, పెంటికి ఆపరేషన్ చేయించి ఉంటే ఈ తిరుగుడు చాలావరకు తగ్గుతుంది. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు చేయించండి, వెళ్ళే ముందురోజు కాదు.

వేరే ఇంట్లో వదలాల్సివస్తే

పిల్లి మనిషికంటే ఇంటిని ఎక్కువ పట్టుకుంటుంది. చుట్టాలింట్లో వదిలిన పిల్లి మొదటి నాలుగైదు రోజుల్లోనే పారిపోతుంది, పాత ఇల్లు వెతుక్కుంటూ. ఒకే గదిలో ఉంచమనండి, మీ వాడిన దుప్పటి, దాని ట్రే పాత ఇసుకతో సహా పంపండి. బోర్డింగులో, అంటే డబ్బు తీసుకుని పెంపుడు జంతువుల్ని ఉంచుకునే చోట అయితే, కుక్కలు పక్కనే ఉన్నాయా, టీకాలు అడుగుతున్నారా చూడండి. టీకాల పుస్తకం అడగని చోట వదలొద్దు. తీసుకెళ్ళే రోజు బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు తిండి ఆపండి, బుట్ట మీద తువ్వాలు కప్పండి, ఎండలో ఆపిన కారులో అయిదు నిమిషాలు కూడా ఉంచకండి.

వరద రోజుల్లో

లంకల్లో, ఏటిగట్టు లోపల ఉండేవాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నాను. జూలై నుంచి సెప్టెంబరు దాకా పిల్లిని వదిలి వెళ్తే, చూసుకునే మనిషికి ఒక నియమం పెట్టండి. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వినగానే పిల్లిని బుట్టలో పెట్టి గట్టు దాటించెయ్యాలి. రెండోదాకా ఆగితే ఆవిడ ఇల్లే ఆవిడ సర్దుకోవాలి, మీ పిల్లిని ఎవరు పట్టుకుంటారు? 2022 జూలైలో బ్యారేజి దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు లంకల్లోకి వెళ్ళాలంటే పడవే దిక్కు. తుఫానుకీ ఇదే పద్ధతి, కాకపోతే పెంకుటింట్లోంచి డాబా ఇంటికి.

తిరిగొచ్చాక

అలిగి వీపు తిప్పి కూర్చుంటే కూర్చోనివ్వండి. ముందు తూయండి. వంద గ్రాముల తేడా మామూలే. నాలుగు కిలోల పిల్లి రెండొందలు దాటి తగ్గితే వారం తర్వాత మళ్ళీ తూయండి, అప్పటికీ పెరగకపోతే డాక్టరుకి చూపించండి. డబ్బాలో ఖాళీ కవర్లు లెక్కపెట్టండి. సోఫా వెనక, మంచాల కింద వాసన చూడండి, ట్రే బయట పోసిందేమో తెలుస్తుంది. వచ్చిన ఆనందంలో చేపలు వండి పీకలదాకా పెట్టకండి, రాత్రికి కక్కుతుంది.

పిన్నిగారికి లడ్డూ ఇచ్చి రండి. తాళంచెవి మాత్రం వెనక్కి అడక్కండి, ఆవిడ దగ్గరే ఉండనివ్వండి. మాఘమాసంలో మళ్ళీ పెళ్ళిళ్ళున్నాయి.